బడికి నడిచే పిల్లలు, బండెక్కే పెద్దలు

షుగరు, బి.పి. ఉన్నవారికి డాక్టర్లు రాసిచ్చే మందులతోపాటు ఒక మాట తప్పకుండా చెబుతారు: "రోజూ ఒక అరగంట నడవండి." దానికి మేము ఎక్కువగా వినే జవాబు, "టైమెక్కడుందండీ? పొద్దున్న లేస్తే పిల్లల్ని బడిలో దింపాలి, ఆఫీసుకు పోవాలి, వచ్చేసరికి రాత్రవుతుంది" అని. ఇది వంక కాదు, నిజమే. అయితే ఈ జవాబులోనే ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. సైదాబాద్ నుంచి అమీర్‌పేటకో సికింద్రాబాదుకో రోజూ వెళ్లి వచ్చేవారు ఎలాగూ గంట, రెండు గంటలు రోడ్డు మీదే గడుపుతున్నారు. ఆ సమయంలో శరీరం ఏం చేస్తోంది? బండి మీద కూర్చుందా, బస్‌స్టాపు దాకా నడిచిందా? కొన్నేళ్లుగా ప్రజారోగ్య పరిశోధకులు దీన్ని లెక్కగట్టి చూస్తున్నారు. వాటిలో మన హైదరాబాదులో జరిగిన పరిశోధనలు కూడా ఉన్నాయి. అందుకే ఈసారి ఈ విషయం తీసుకున్నాము.

మొదటిది 2013లో ప్రచురించబడింది. హైదరాబాద్, బెంగళూరు, లక్నో, నాగపూర్ నగరాల్లోని ఫ్యాక్టరీ కార్మికులు, వారి భార్యలు లేదా భర్తలు, పల్లెల్లో ఉండిపోయిన వారి తోబుట్టువులు, మొత్తం 3,902 మంది వివరాలు అందులో పరిశీలించారు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకరు పట్నం వచ్చి, ఒకరు ఊళ్లోనే ఉంటే ఆరోగ్యంలో తేడా ఎలా వస్తుందో చూడడానికి ఇది మంచి పద్ధతి. పల్లెల్లో పనికి సైకిలు మీద వెళ్లేవారు నూటికి 68 మంది ఉంటే, పట్నంలో 16 మందే ఉన్నారు. సొంత మోటారు బండి మీద పనికి వెళ్లేవారిలో సగం మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. బస్సు, రైలు ఎక్కేవారిలో ఇది నూటికి 38, నడిచేవారిలో 25, సైకిలు తొక్కేవారిలో 24. షుగరు వ్యాధి బండి మీద వెళ్లేవారిలో నూటికి 11 మందికి ఉంటే, సైకిలు వాళ్లలో నలుగురికే ఉంది.

ఇలాంటి అంకెలు చూడగానే "బండి కొంటే షుగరు వస్తుంది" అని అనుకోకూడదు. బండి కొనగలిగినవారి ఇంట్లో నూనె, తీపి కూడా ఎక్కువ వాడుతుండవచ్చు. కాళ్ల నొప్పులున్నవారు ముందే నడక మానేసి ఉండవచ్చు. ఒకే సమయంలో అందరినీ చూసి లెక్కించిన అధ్యయనం ఏది ముందు, ఏది తరువాత అన్నది తేల్చలేదు. పరిశోధకులకు ఇది తెలుసు కనుక వయసు, ఆర్థిక స్థితి వంటివి లెక్కలోకి తీసుకుని మళ్లీ చూశారు. అప్పుడు కూడా బరువు విషయంలో నడక, సైకిలు రెండింటి మేలు నిలిచింది. బి.పి., షుగరు విషయంలో స్పష్టంగా నిలిచింది సైకిలు ఒక్కటే. ఎంత ఎక్కువసేపు తొక్కితే అంత మేలు కనిపించింది. నెమ్మదిగా కాళ్లీడ్చుకుంటూ నడిస్తే చాలదు, కాస్త ఊపిరి వేగం పెరగాలి అని డాక్టర్లు చెప్పేది ఇందుకేనేమో.

బస్సు ఎక్కేవారు మధ్యలో ఎందుకున్నారు? బస్సు మన గుమ్మం దగ్గరకు రాదు గనుక. అమెరికాలో 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బస్సు, రైలు ప్రయాణికులు వాటిని చేరడానికి, దిగి వెళ్లడానికి రోజుకు సుమారు 19 నిమిషాలు నడుస్తున్నట్టు తేలింది. వ్యాయామమని వాళ్లు అనుకోలేదు, అయినా జరిగిపోయింది. మన వైపు 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో వచ్చింది. సైదాబాద్ వారికి ముసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లు దగ్గర. చాలా గల్లీల నుంచి ఇరవై, ఇరవై అయిదు నిమిషాల నడక. పోను, రాను నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు చేయమన్న వ్యాయామం అయిదు రోజుల్లో పూర్తయి ఇంకా మిగులుతుంది. స్టేషను దాకా షేర్ ఆటోలో వెళ్లి, అక్కడ ఎస్కలేటరెక్కి, దిగాక మళ్లీ ఆటో ఎక్కితే మాత్రం ఆ లాభం అంతా ఆటోవాలాకే పోతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక మన సంఘంలోని అక్కచెల్లెళ్లు చాలామంది ఆటో మాని బస్‌స్టాపుకు నడుస్తున్నారు. రద్దీ కష్టమే. గర్భిణీ స్త్రీలు నిలబడి ప్రయాణించవద్దు, సీటు అడగడానికి మొగమాటపడవద్దు.

"ఆ పొగలో, దుమ్ములో నడిస్తే ఉన్న ఆరోగ్యం పోదా?" ఇది న్యాయమైన ప్రశ్న. 2016లో కొందరు పరిశోధకులు దీన్నే లెక్కగట్టారు. ఘనపు మీటరు గాలిలో సన్నటి ధూళి 100 మైక్రోగ్రాములు ఉన్నచోట కూడా, రోజుకు గంటన్నర దాటి సైకిలు తొక్కితేనో, పది గంటలకు మించి నడిస్తేనో మేలు కంటే కీడు ఎక్కువవుతుందని తేలింది. కాబట్టి అరగంట నడకకు పొగను చూసి భయపడనక్కరలేదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారి సంగతి వేరు. వారు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పక్కన కాకుండా లోపలి గల్లీల గుండా నడవడం మంచిది.

ఇక పిల్లల సంగతి. తల్లిదండ్రులు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఇదే: నడిపించి పంపాలా, బండి మీద దింపాలా?

హైదరాబాదులో 45 బడుల్లో 11 నుంచి 14 ఏళ్ల పిల్లల మీద జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2016లో వచ్చాయి. దాదాపు 5,800 మంది పిల్లలు బడికి ఎలా వెళ్తున్నారో, దారిలో దెబ్బలేమైనా తగిలాయో స్వయంగా రాశారు. అందులో నూటికి 57 మంది నడిచి, 6 మంది సైకిలు మీద వెళ్తున్నారు. ఇంత పెద్ద నగరంలో ఇంకా సగానికి పైగా పిల్లలు నడుస్తున్నారంటే సంతోషమే. దూరం పెరిగేకొద్దీ నడక తగ్గింది. ఇంటి పక్క బడి వదిలి, పేరున్న బడి కోసం అయిదారు కిలోమీటర్లు పంపేటప్పుడు ఫీజు, సిలబస్ చూస్తాము గాని దారిని చూడము.

రెండో సగం అంత సంతోషకరం కాదు. అంతకు ముందు ఏడాదిలో బడికి వెళ్లే దారిలో ఏదో ఒక దెబ్బ తగిలిందని నూటికి 17 మంది, అంటే ఆరుగురిలో ఒకరు, చెప్పారు. మోకాలు గీరుకుపోవడం లాంటి చిన్న దెబ్బలు కూడా ఇందులో ఉన్నాయి. మగపిల్లల్లో నూటికి 25, ఆడపిల్లల్లో 11. నడిచేవారితో పోలిస్తే సైకిలు పిల్లలకు దెబ్బలు ఒకటిన్నర రెట్లు ఎక్కువ, బడి బస్సు పిల్లలకు దాదాపు సగం. చూడండి, పెద్దల్లో అన్నిటికంటే మేలు చేసిన సైకిలే పిల్లలకు ఎక్కువ ప్రమాదం తెచ్చింది. తప్పు సైకిలుది కాదు, దానికి చోటివ్వని రోడ్డుది. ఫుట్‌పాత్ మీద బండ్లు, తోపుడు బళ్లు, కరెంటు స్తంభాలు ఉంటే పిల్లవాడు రోడ్డు మీదికి దిగక ఏం చేస్తాడు? దీన్ని ఒక్క ఇంటివారు సరిచేయలేరు. కాలనీ సంఘం, బడి యాజమాన్యం కలిసి మున్సిపాలిటీకి, ట్రాఫిక్ పోలీసులకు అర్జీ పెట్టాలి. బడి ముందు స్పీడ్ బ్రేకర్, జీబ్రా గీతలు, విడిచే వేళకు దాటించే మనిషి, ఈ మూడూ అడగండి.

అందాకా ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. పదేళ్ల లోపు పిల్లలకు వచ్చే బండి వేగాన్ని అంచనా వేయడం సరిగా రాదు. ఎంత తెలివైన బిడ్డ అయినా అంతే, అది వయసుతో వచ్చేది. కాబట్టి పెద్ద రోడ్డు దాటవలసి ఉంటే పెద్దవారు తోడు వెళ్లాలి. ఒకే వీధి నుంచి నలుగురు పిల్లలు వెళ్తుంటే నాలుగు ఇళ్లవారు వంతులు వేసుకోవచ్చు. ఒక తల్లికి వారంలో ఒకటి రెండు రోజులే పడుతుంది, ఆ నడక ఆమెకు కూడా మంచిది.

బండి మీద దింపేవారికి: ముందు ఒకరు, వెనక ఇద్దరు, చేతిలో టిఫిన్ బ్యాగులు, హెల్మెట్ నాన్న తలమీద మాత్రమే. ఈ దృశ్యం రోజూ చూస్తున్నాము. 2019 చట్ట సవరణ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్ ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను కూర్చోబెడితే హెల్మెట్‌తోపాటు నడిపేవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఇది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. చలానా సంగతి అటుంచండి. హెల్మెట్ తల గాయాలను నూటికి 69 వంతులు, మరణాలను 42 వంతులు తగ్గిస్తుందని ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన చెబుతోంది.

ఇదంతా తెలిసినా అలవాటు మారదు. ప్రయాణం మీద పరిశోధించేవారు దీనికి ఒక కారణం చెబుతారు: మనం రోజూ ఆలోచించి బండి తీయము, చేయి తాళం మీదికి దానంతటదే వెళ్తుంది. అలవాటు సడలేది జీవితంలో మరేదైనా మారినప్పుడే. ఇంగ్లండులో 800 మందితో చేసి 2016లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఇల్లు మారి మూడు నెలలు దాటనివారే కొత్త అలవాట్లకు ఎక్కువగా లోబడ్డారు. మన దగ్గర అద్దె ఇల్లు మారేది, బడి మారేది సాధారణంగా వేసవి సెలవుల్లోనే. కాబట్టి జూన్‌లో బడి తెరిచే మొదటి వారమే నడక మొదలుపెట్టండి. ఆ వారం దాటితే బండి తాళమే గెలుస్తుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారు మెట్రోకో బస్సుకో నడిచేటప్పుడు హవాయి చెప్పులు వేసుకోవద్దు. పాదాల్లో స్పర్శ తగ్గినవారు వెనక పట్టీ ఉన్న ఎం.సి.ఆర్. చెప్పులే వాడాలి, ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోవాలి. ఇన్సులిన్ వేసుకునేవారు జేబులో రెండు చాక్లెట్లు ఉంచుకోండి. చెమటలు పట్టి, చేతులు వణికితే ఆగి వెంటనే తినండి. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది లోపు, అయిదు తరువాత మాత్రమే నడవండి. నడుస్తుండగా గుండెలో పట్టేసినట్టుంటే అక్కడే ఆగి కూర్చోండి, ఒంటరిగా ఇంటికి నడవవద్దు, 108కి ఫోను చేయించండి. ఈసారి ఓ.పి.కి వచ్చినప్పుడు మందుల చీటీతోపాటు, పనికి ఎలా వెళ్తున్నారో, దారిలో ఎన్ని నిమిషాలు నడుస్తున్నారో కూడా డాక్టరుగారికి చెప్పండి.