శ్రీకాకుళం నుంచి హైదరాబాద్: గాలిలో ఎంత, నేల మీద ఎంత

విశాఖపట్నం విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే సుమారు 500 కిలోమీటర్లు. రోడ్డున వెళ్తే 600 దాటుతుంది, విజయవాడ మీదుగా రైల్లో అయితే 700 దాకా. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది కదా, 40 నిమిషాల్లో దిగిపోవాలి. టికెట్ మీద మాత్రం గంటంపావు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

టికెట్‌లో ఉండేది గాలిలో ఉండే సమయం ఒక్కటే కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, అవతల ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా నెమ్మదిగా సాగడం, వంతు కోసం ఆగడం, దిగాక మళ్లీ గేటు దాకా పోవడం అందులోవే. పైగా 35 వేల అడుగుల నుంచి దిగాలంటే దాదాపు 200 కిలోమీటర్ల ముందే కిందికి వాలడం మొదలుపెట్టాలి. ఎక్కడానికీ ఇంచుమించు అంతే దూరం కావాలి. ఇక పూర్తి వేగంతో తిన్నగా పోయేది నూరు కిలోమీటర్లే! ఢిల్లీ 1,350 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్‌కు రెండున్నర రెట్లకు పైనే. సమయం మాత్రం రెట్టింపుకు అటూ ఇటూగానే ఉంటుంది. ఎక్కడం, దిగడం ఎంత దూరం పోయినా ఒక్కసారే కదా.

గల్ఫ్‌కు పనికెళ్లే ఉద్దానం కుర్రాళ్లకు ఇంకో చిక్కుంది. టికెట్‌పై బయల్దేరే వేళ మనది, చేరే వేళ అక్కడిది. పదింటికి హైదరాబాద్‌లో ఎక్కి పన్నెండున్నరకు దుబాయ్‌లో దిగితే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనుక.

అసలు దూరం నేల మీదుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి 110 కిలోమీటర్లు. మధురవాడ, మద్దిలపాలెం, ఎన్ఏడీ దాటాలి. చెక్-ఇన్ కౌంటరు గంట ముందే మూసేస్తారు. గంటంపావు విమానానికి ఇంట్లోంచి నాలుగైదు గంటల ముందే కదలాలి.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టిన విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. అది విశాఖకు ఈశాన్యాన సుమారు 45 కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి ఎగిరితే హైదరాబాద్ సుమారు 30 కిలోమీటర్లు దూరమవుతుంది. గాలిలో అది రెండు మూడు నిమిషాల పని. నేల మీద శ్రీకాకుళం వారికి ప్రయాణం 60 కిలోమీటర్లకు, విజయనగరం వారికి 25కు తగ్గుతుంది. టికెట్‌పై సమయం చూసి ఏ విమానాశ్రయం మేలో తేల్చేవారికి ఈ తేడా కనపడదు. అనకాపల్లి వారికి లెక్క తిరగబడుతుంది: 25 కిలోమీటర్ల దారి 75 అవుతుంది.