మౌస్ మొరాయిస్తే...

ప్రాజెక్టు రిపోర్టు ముప్ఫయ్యో పేజీలో ఉంది. రేపే ఆఖరు రోజు. ఉన్నట్టుండి తెరమీద బాణం గుర్తు ఆగిపోయింది. మౌస్‌ని బల్లకేసి తట్టినా, వైరు పీకి మళ్లీ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. అంతవరకూ ముచ్చటగా పనిచేసిన లినక్స్ మీద ఒక్కసారిగా విసుగొస్తుంది. చేయి దానంతటదే పవర్ బటన్ మీదకు పోతుంది.

సరిగ్గా అక్కడే ఆగాలి! ఎందుకంటే ఆగింది బాణమే... కంప్యూటర్ కాదు. ఆ ముప్ఫై పేజీలూ మెమరీలో క్షేమంగానే ఉన్నాయి. బటన్ నొక్కి పట్టుకుంటేనే పోతాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు సాధారణంగా ముగిసిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. వాటిని మూలన పడేయడం ఇష్టంలేనివాళ్లకు ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాలే దారి. కంప్యూటర్ పాతది, మౌస్ ఇంకా పాతది, వాడేవాళ్లు మాత్రం కొత్త. మౌస్ ఒక్కసారి మొండికేస్తే చాలు, 'ఇది మనవల్ల కాదులే' అనిపించడానికి! దుకాణానికి తీసుకెళ్తే 'ఫార్మాట్ కొట్టేద్దాం' అనే మాట ముందొస్తుంది. చాలాసార్లు అంత అవసరమే ఉండదు.

ముందు పని భద్రం

మొదట కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ నొక్కి చూడాలి. దాని దీపం వెలిగి ఆరుతోందంటే లోపల ప్రాణం ఉన్నట్టే. కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే రాసింది సేవ్ అవుతుంది. పేరు అడిగితే టైపు చేసి ఎంటర్ కొట్టడమే. ఒక విండో నుంచి మరోదానికి వెళ్లడానికి ఆల్ట్, ట్యాబ్. విండోలో ఒక బటన్ నుంచి మరోదానికి ట్యాబ్, దాన్ని నొక్కడానికి స్పేస్‌బార్. మౌస్ లేకుండా బండి నడపడానికి ఇంతే చాలు.

బాణమే కావాలంటే దానికీ ఓ ఉపాయం ఉంది. ఉబుంటు, ఫెడోరాల్లో కనిపించే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలోకి వెళ్లి 'మౌస్ కీస్' ఆన్ చేస్తే కీబోర్డు కుడివైపు అంకెల మీటలే మౌస్ అవుతాయి. 8 పైకి, 2 కిందకి, 4 ఎడమకి, 6 కుడికి. 5 నొక్కితే క్లిక్. చేతులు సరిగ్గా సహకరించనివారి కోసం పెట్టిన సదుపాయమిది. ఆపత్కాలంలో అందరికీ అక్కరకొస్తుంది.

నీళ్లెక్కడ ఆగాయి?

శివారు మడికి నీళ్లు రాకపోతే రైతు ఏం చేస్తాడు? పొలం మొత్తం దున్ని మళ్లీ నాట్లేయడు. లాకుల దగ్గర నీళ్లున్నాయా, కాలువలో పారుతున్నాయా, తూము తెరిచుందా, బోదెకి గండి పడిందా అని గట్టు వెంబడి నడుచుకుంటూ చూస్తాడు. లినక్స్‌లో మౌస్ కథా అచ్చం ఇలాంటిదే.

చేత్తో కదిపిన కదలికను మౌస్ అడుగునున్న సెన్సర్ పట్టుకుంటుంది. అది యూఎస్‌బీ వైరులోంచి కెర్నెల్‌కి చేరుతుంది. కెర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ. అక్కణ్నుంచి 'లిబ్‌ఇన్‌పుట్' అనే మధ్యవర్తి దాన్ని అందుకుని, ఎంత కదిలిందో, ఏ బటన్ నొక్కారో అర్థం చేసుకుంటుంది. ఆ లెక్క ప్రకారం తెరమీద బాణాన్ని జరిపేది ఎక్స్ సర్వర్ గానీ, వేల్యాండ్ పద్ధతిలో నడిచే డెస్క్‌టాప్ గానీ. ఆ తర్వాతే మనం తెరిచిన ప్రోగ్రాముకు క్లిక్ అందుతుంది. ఇందులో ఏ మజిలీలో ఆగినా మనకు కనిపించేది ఒకటే... కదలని బాణం! జబ్బు ఎక్కడుందో తెలియకుండా మందు వేయడమే అసలు చిక్కు.

లాకుల దగ్గర...

మౌస్‌ని తిరగేసి చూడాలి. చాలా మౌస్‌ల అడుగున ఎర్రదీపం కనిపిస్తుంది. అది వెలగకపోతే కరెంటు అందడం లేదేమో. పోర్టు మార్చి చూడాలి, వేరే కంప్యూటర్‌కి పెట్టి చూడాలి. అక్కడా పనిచేయకపోతే లినక్స్‌ని తిట్టి లాభం లేదు. దీపం వెలుగుతున్నా బాణం గెంతులేస్తుంటే సెన్సర్ కన్నంలో వెంట్రుకో, దుమ్మో ఇరుక్కుని ఉండొచ్చు. ఆప్టికల్ మౌస్ కిందనున్న ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదాంతో మరోదాన్ని పోల్చి కదలికను లెక్కగడుతుంది. అద్దం బల్లమీద పోల్చుకోవడానికి దానికేం కనిపిస్తుంది? కింద ఓ పాత నోటుపుస్తకం పెడితే సరి.

వైరులేని మౌస్‌దైతే మరో తంటా. బ్యాటరీ కొత్తదే, దీపం వెలుగుతోంది, అయినా బాణం ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి సినిమా కాపీ అవుతున్నప్పుడు మరీ ఎక్కువ! ఇది చేతబడి కాదు. ఈ మౌస్‌లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తాయి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన పరికరాలు పనిచేసేటప్పుడు సరిగ్గా అదే ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఓ పత్రంలో వివరించింది. మౌస్ తాలూకు బుల్లి రిసీవర్‌ని తీసి హార్డ్‌డిస్క్‌కి దూరంగా, వీలైతే నీలంరంగు లేని పోర్టులో పెట్టాలి. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు కొని రిసీవర్‌ని బల్లమీదకి తెచ్చుకుంటే ఇంకా మంచిది. డ్రైవర్ల కోసం రాత్రంతా వెతికేవాళ్లకు ఈ సంగతి తెలిస్తే ఎంత నిద్ర మిగులుతుందో!

కెర్నెల్‌కి కబురందిందా?

ఉబుంటు, మింట్‌లలో కంట్రోల్, ఆల్ట్, టి కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. అందులో 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అని, అన్నీ చిన్న అక్షరాల్లో ఖాళీలు లేకుండా కొట్టాలి. కంప్యూటర్‌కి తగిలించి ఉన్న యూఎస్‌బీ పరికరాల జాబితా వస్తుంది. మౌస్ అందులో ఉందంటే వైరు వరకూ బాగానే ఉన్నట్టు. లేకపోతే 'సుడో డీమెస్గ్ -డబ్ల్యు' అనే ఆదేశమిచ్చి, పాస్‌వర్డ్ కొట్టి, మౌస్‌ని పీకి మళ్లీ పెట్టాలి. కెర్నెల్ తనలో తాను అనుకునే మాటలన్నీ అక్కడ కనిపిస్తాయి. కొత్త పరికరం వచ్చిందన్న వరుస కనిపిస్తే సంతోషం. 'ఎర్రర్ -71' లాంటిది పదేపదే వస్తుంటే వైరునో, పోర్టునో అనుమానించాలి. ఏమీ రాకపోతే అసలు కబురే అందలేదన్నమాట.

జాబితాలో ఉండి కూడా మౌస్ కాసేపు వదిలేస్తే నిద్రపోతోందా? క్లిక్ కొడితే తప్ప లేవడం లేదా? అది కరెంటు పొదుపు పుణ్యం. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎక్కువసేపు రావాలని 'పవర్‌టాప్' లాంటి ప్రోగ్రాముతో అన్నీ పొదుపులో పెట్టేస్తుంటారు. అప్పుడు పనిలేకుండా ఉన్న యూఎస్‌బీ పరికరానికి కెర్నెల్ జోకొట్టేస్తుంది. మామూలుగా ఇందుకు రెండు సెకన్ల గడువే ఉంటుంది. మౌస్ ఒక్కదానికీ ఆ పొదుపు తీసేస్తే చాలు.

మధ్యవర్తిని అడగండి

ఒకప్పుడు ఈ మజిలీయే పెద్ద తలనొప్పి. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో లినక్స్ పెట్టుకున్నవాళ్లకు 'ఎక్స్‌ఎఫ్86కాన్ఫిగ్' అనే ఫైలు గుర్తుండే ఉంటుంది. మౌస్ ఏ రకమో, ఏ భాషలో మాట్లాడుతుందో అందులో చేత్తో రాయాలి. ఒక్క అక్షరం తప్పినా చక్రం తిరగదు, లేదంటే తెరే రాదు. 1984లో అమెరికాలోని ఎంఐటీలో ఎక్స్ మొదలైనప్పుడు మౌస్‌కి చక్రం ఎక్కడిది? అందుకే తర్వాత చక్రాన్ని పైకి తిప్పితే నాలుగో బటన్, కిందకు తిప్పితే అయిదో బటన్ నొక్కినట్టు లెక్కేసి సరిపెట్టారు. ఇప్పుడా అవస్థ లేదు. పీటర్ హటరర్ అనే ప్రోగ్రామర్ ముందుండి నడిపిస్తున్న లిబ్‌ఇన్‌పుట్, 2015 నుంచి ఒక్కో లినక్స్‌లోకీ వచ్చి ఈ పనంతా తానే చూసుకుంటోంది.

దాన్ని నేరుగా ప్రశ్నించొచ్చు కూడా. లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ అనే ప్యాకేజీ వేసుకుని, టెర్మినల్‌లో 'సుడో లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్' అనాలి. మౌస్ కదిపితే 'పాయింటర్ మోషన్' అనీ, నొక్కితే 'పాయింటర్ బటన్' అనీ వరుసలు జలజలా రాలుతాయి. వరుసలొస్తున్నా బాణం కదలకపోతే మౌస్‌దీ, కెర్నెల్‌దీ తప్పేం లేదు. లోపం డెస్క్‌టాప్‌లో ఉంది. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు చూపిస్తుంటే లోపలి స్విచ్ అరిగిపోయిందని అర్థం. అరిగిన స్విచ్చుల దొంగక్లిక్కుల్ని లిబ్‌ఇన్‌పుట్ చాలావరకు వడగడుతుంది. దాన్ని కూడా దాటుకుని వస్తున్నాయంటే ఆ మౌస్ రిటైరవ్వాల్సిందే. చూడటం అయ్యాక కంట్రోల్, సి కొడితే ఆగుతుంది.

బాణం కదులుతుంది, క్లిక్ పడదు

ఇది అన్నిటికంటే చిరాకు పెట్టేది. తరచూ జరిగేదేమిటంటే... ఏదో ప్రోగ్రాము ఓ మెనూ తెరిచి, మౌస్ క్లిక్కులన్నీ తనకే రావాలని పట్టుకుని, ఆ పట్టులోనే బిగుసుకుపోతుంది. ముందు ఎస్కేప్ నొక్కి చూడాలి. లాభం లేకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే నల్లటి తెర వస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టాలి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనిపించవు, కంగారొద్దు. 'పీకిల్' అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ ప్రోగ్రాము పేరిస్తే అదొక్కటే మూతపడుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2తో (కొన్నిట్లో ఎఫ్1, మింట్‌లో ఎఫ్7) వెనక్కొస్తే మిగతా కిటికీలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక్కోసారి అలా వెళ్లి వచ్చినంత మాత్రానే ఆగిన బాణం కదులుతుంది. తిరిగొచ్చేటప్పుడు డెస్క్‌టాప్ మౌస్‌ని కొత్తగా తెరుస్తుంది మరి. పాతకాలపు కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ చిట్కా మాత్రం వద్దు. అది ఎక్స్ మొత్తాన్నీ కూలదోసి సేవ్ చేయనిదంతా మింగేస్తుంది. అందుకే 2009 నుంచి దాన్ని మామూలుగా పనిచేయకుండా చేశారు.

పాత సలహాలతో ఇంకో చిక్కుంది. 'ఎక్స్‌ఇన్‌పుట్' వాడమని ఎవరైనా చెబితే, మీది ఎక్స్ పద్ధతో, వేల్యాండ్ పద్ధతో ముందు చూసుకోవాలి. గ్నోమ్ సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో, సిస్టమ్ వివరాల్లో ఈ ముక్క ఉంటుంది. వేల్యాండ్ మీద ఎక్స్‌ఇన్‌పుట్‌కి అసలు మౌస్ కనిపించదు, ఉత్తుత్తి మౌసే కనిపిస్తుంది. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10 నుంచి గ్నోమ్‌లో ఎక్స్ పద్ధతినే తీసేశారు. మింట్ సినమన్‌లో మాత్రం మామూలుగా వచ్చేది ఇంకా ఎక్సే.

జబ్బు కానివి కొన్ని

చక్రాన్ని పొరపాటున నొక్కితే ఎక్కడిదో వాక్యం వచ్చి వ్యాసంలో పడుతుంది. వైరస్ కాదు! ఎంపిక చేసిన అక్షరాల్ని మధ్య బటన్‌తో అతికించడం ఎక్స్ కాలం నుంచీ ఉన్న అలవాటు. టైపు చేస్తుంటే టచ్‌ప్యాడ్ పనిచేయడం లేదా? అరచేయి తగిలి కర్సర్ ఎగిరిపోకుండా కావాలనే అలా పెట్టారు. సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు. అసలెప్పుడూ పనిచేయకపోతే ఎఫ్ మీటల వరసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్నదాన్ని నొక్కామేమో చూసుకోవాలి. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంటే బ్లూటూత్ మౌస్ విండోస్‌తో జతకట్టగానే లినక్స్‌ని మరిచిపోతుంది. రెండింటి దగ్గరా ఒకే రహస్య తాళం ఉండదు కాబట్టి మళ్లీ జత చేయాల్సిందే.

ఇన్ని చూసినా దారికి రాకపోతే 'లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్' ఉంది. మౌస్ చేసే అల్లరినంతా అది ఓ ఫైల్లో రాసిపెడుతుంది. దాన్ని పంపితే ప్రపంచంలో ఏ మూలనున్న ప్రోగ్రామరైనా తన కంప్యూటర్‌లో ఆ అల్లరినే మళ్లీ ఆడించి చూసుకోగలడు. కీబోర్డుని రికార్డు చేసినా పాస్‌వర్డ్ బయటపడుతుందన్న భయం లేదు. ప్రత్యేకంగా అడిగితే తప్ప, నొక్కిన అక్షరాలన్నీ అందులో 'ఎ' గానే నమోదవుతాయి.