ఎలుకకు కులం లేదు, ఎలుకల పనికి ఉంది

వినాయక చవితి పందిట్లో ఎలుక బొమ్మకు కూడా పూజ అందుతుంది. చిన్నయసూరి నీతిచంద్రికలో హిరణ్యకుడనే ఎలుక పావురాల వల కొరికి వాటిని విడిపిస్తుంది. బడిపిల్లలు దాన్ని స్నేహానికి పాఠంగా చదువుకుంటారు. పొలంలో ఎలుకను పట్టి కాల్చుకు తినే మనిషిని మాత్రం ఇదే సమాజం ‘ఎలుకలు తినేటోడు’ అని ఈసడిస్తుంది. పురాణంలో వాహనం, కథలో మిత్రుడు, కూలోడి చేతిలో పడగానే మైల. ఈ తేడా ఎలుకలో లేదు. మరి ఎక్కడుందో చూడాలి.

ముడిమ్యాల దిక్కున, చేవెళ్ళ, మొయినాబాద్ ఊర్లలో ఎలుక గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. వరిమడి గట్టు, మక్కచేను, గడ్డివాము, వడ్ల గుమ్మి, ఎక్కడ గింజ ఉంటే అక్కడ అది ఉంటుంది. అయితే అన్నీ ఒకే జాతి కాదు. ఇంట్లో తిరిగే ఎలుక వేరు, చిట్టెలుక వేరు, గట్టు కింద కలుగు తవ్వి కంకులు దాచుకునే పందికొక్కు వేరు. ఇంగ్లీషువాళ్ళ ‘బాండికూట్’ అన్న మాట మన పందికొక్కు నుంచి పోయిందే.

ముందు రోగం సంగతి. ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ కనుక్కున్నాడు. 1896లో ప్లేగు బొంబాయిలో బయటపడింది. తర్వాతి దశాబ్దాల్లో మన దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు. ఎలుక నుంచి మనిషికి ఈ రోగం ఎట్లా వస్తుందో 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు ప్రయోగం చేసి చూపాడు. ఎలుక మీద దాని రక్తం తాగే రెక్కల్లేని చిన్న పురుగులుంటాయి. ఇంగ్లీషులో వీటిని ‘ఫ్లీ’ అంటారు. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడగానే అవి దాన్ని వదిలి, దగ్గరున్న మనిషిని కుడతాయి.

సిమోన్‌కు ఈ అనుమానం రావడానికి కారణమైన సంఘటన ఒకటుంది. ఒక ఉన్ని ఫ్యాక్టరీలో పొద్దున్నే చూస్తే నేలంతా చచ్చిన ఎలుకలు. వాటిని ఎత్తి పారేయమని ఇరవై మంది కూలీలను పురమాయించారు. మూడు రోజుల్లో వాళ్ళలో పది మందికి ప్లేగు తగిలింది. అదే ఫ్యాక్టరీలో మిగతా పనివాళ్ళకు ఏమీ కాలేదు. సైన్సు ఇందులో పురుగును చూసింది, అది నిజమే. మనం ఇంకొకటి కూడా చూడాలి. చచ్చిన ఎలుకను ఎత్తమని ఎవరికి చెబుతారు? ఈ దేశంలో చచ్చినదాన్ని ఎత్తే పని కులం చూసి అప్పగించారు. అందుకే రోగం కూడా ఆ దారినే పోతుంది.

ప్లేగు పేరుతో సర్కారు చేసిన పనులు కూడా చిన్నవి కావు. 1897లో అంటువ్యాధుల చట్టం తెచ్చి, ఇళ్ళలో జొరబడి సోదాలు చేశారు. హైదరాబాద్‌లో 1911లో ప్లేగు వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలను కూల్చారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని సామెత. కానీ కూలిన ఇల్లు ఎప్పుడూ పేదవాడిదే. ఇంకో దారి కూడా ఆ రోజుల్లోనే ఉంది. పూనాలో రోగుల మధ్య నిలబడి సేవ చేసిన సావిత్రీబాయి ఫూలే, అదే ప్లేగు తగిలి 1897 మార్చి 10న చనిపోయింది.

ప్లేగు పాత కథ అనుకుంటే, ఇప్పటి జబ్బు లెప్టోస్పైరోసిస్. జనం దీన్ని ఎలుక జ్వరం అంటారు. దీని క్రిమి ఎలుక మూత్రంలో నుంచి బురదలోకి, నిలవనీటిలోకి చేరుతుంది. కాలి పగుళ్ళ నుంచి, చేతి గాయాల నుంచి ఒంట్లోకి పోతుంది. జ్వరం, పిక్కల నొప్పి, ఎర్రబడిన కళ్ళు దీని గుర్తులు. ముదిరితే కామెర్లు, కిడ్నీలు చెడిపోవడం. 1915లో జపాన్‌లో ఇనాడా బృందం ఈ క్రిమిని గుర్తించింది బొగ్గుగని కార్మికుల్లో. మన దగ్గర ఒట్టికాళ్ళతో నాటు వేసే ఆడకూలీలకు, మురుగు తీసే సఫాయి కార్మికులకు ఈ ముప్పు ఎక్కువ. తొందరగా పట్టుకుంటే మామూలు మందులకే నయమవుతుంది. కానీ కూలి పోతుందని జ్వరాన్ని దాచుకునేవాళ్ళకు ఆ తొందర ఎక్కడిది?

ఇక ఎలుకలు పట్టే పని. నెల్లూరు నుంచి కృష్ణా డెల్టా దాకా యానాదులు పొలాల్లో పందికొక్కులను పడతారు. బుట్టలు పెడతారు, కలుగులకు పొగబెడతారు, తవ్వుతారు. కలుగులో దాచిన ధాన్యం, ఎలుక మాంసం వాళ్ళ తిండి. రైతు పంటను కాపాడే ఈ విద్య తరతరాల పరిశీలన. ఏ కలుగులో ఎలుక ఉందో మట్టిని చూసి చెప్పగలరు. దీన్ని జ్ఞానమని ఎవరూ అనరు, అలవాటు అంటారు. బీహార్‌లో ముసహర్ అనే దళిత కులం పేరులోనే ఎలుక ఉంది. ఆ కులం నుంచి వచ్చిన జీతన్‌రామ్ మాంఝీ 2014లో ముఖ్యమంత్రి అయ్యాడు. తాను ఎలుకలు తిన్నవాడినేనని దాచుకోకుండా చెప్పాడు.

పరిశోధనలో ఎలుకకు దక్కిన చోటు వేరు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన పరిశోధన నుంచి పుట్టింది. 1958లో ఇక్కడికి వచ్చింది. మెకారిసన్ దేశంలోని రకరకాల ప్రాంతాల తిండిని ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు ఉన్న సిక్కుల తిండి తిన్నవి బాగా పెరిగాయి. బియ్యమే ఎక్కువున్న మద్రాసు తిండి తిన్నవి అన్నిటికన్నా వెనకబడ్డాయి. విలువైన ప్రయోగమే. కానీ ‘మద్రాసు తిండి’ అనేది ఒకటుందా? భూస్వామి కంచం, మాల మాదిగ కూలి కంచం ఒకటేనా? ప్రాంతాన్ని తూచారు, కులాన్ని తూచలేదు. తర్వాత 1960 ప్రాంతంలో ఇదే సంస్థలో గోపాలన్ బృందం దక్కనులో జొన్నలు తినే పేదలకు వచ్చే పెల్లాగ్రా జబ్బును పరిశీలించింది. మా వాదన ఏమంటే, తప్పు జొన్నది కాదు. జొన్నతో పాటు పప్పు, పాలు, మాంసం దొరకకుండా చేసిన వ్యవస్థది.

2015లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయింది. 2022లో వరంగల్ ఎం.జి.ఎం.లో ఐ.సి.యు.లో ఉన్న రోగిని ఎలుకలు కొరికాయి. డబ్బున్నవాళ్ళు ఆ మంచాల మీద పడుకోరు. ఎలుక చెత్తను, పగిలిన మోరీని వెతుక్కుంటూ వస్తుంది. వాటిని ఎక్కడ బాగుచేయకుండా వదిలేస్తారన్నది సర్కారు నిర్ణయం.

కాబట్టి మేం అడిగేవి ఇవి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దించరాదన్న 2013 చట్టాన్ని అమలు చేయాలి. నాట్ల కాలంలో జ్వరం వచ్చిన కూలీలకు మండల ఆసుపత్రిలోనే ఎలుక జ్వరం పరీక్ష, మందులు దొరకాలి. ఎలుకల మందు ఒట్టి చేతులతో కలిపించడం మానాలి. ఎలుకలు పట్టే యానాదులకు నైపుణ్యం ఉన్న పనివాళ్ళుగా కూలి కట్టాలి. చదువుకునే మిత్రులు తమ ఊర్లో ఒక లెక్క తీయాలి: బురదలో దిగేది ఎవరు, చెప్పుల్లేనిది ఎవరికి, పోయిన వానాకాలం జ్వరాలు ఏ వాడలో వచ్చాయి. ఆ కాగితం పట్టుకుని మండలాఫీసుకు పోదాం.