పలుచని లాప్‌టాప్ మీటలు – వాని గుణదోషములు

గడచిన విద్యాసంవత్సరమున అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట మా పాఠశాలయందు జరిగిన యొక సంగతి ఈ వ్యాసమునకు కారణము. పదవ తరగతి విద్యార్థి యొకని ప్రగతిపత్రమున గణితమునకు 77 మార్కులకు మారుగా 7 మార్కులని యచ్చుపడినది. ఆ బాలుని తండ్రి హనుమాన్ జంక్షన్‌కు సమీపమున నొక బియ్యపు మిల్లులో పనిచేయువాడు. ఆయన ఒకపూట కూలి పోగొట్టుకొని, కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చెను. బాలుడు తల వంచుకొని నిలిచియుండెను. ఇంట జరుగవలసిన శాస్తి యంతయు నంతకుముందే జరిగినదని వాని ముఖము చూచినంతనే గ్రహించితిమి. అయినను మేము సయితము జవాబుపత్రము తీసి చూడకయే, “శ్రద్ధలేక వ్రాసితివి” అని వానిని గద్దించితిమి. పిదప పత్రము తీసి చూడగా, గణితోపాధ్యాయుడు వేసిన మార్కులు డెబ్బదియేడు! తరగతి యుపాధ్యాయులమై మార్కులన్నియు లాప్‌టాప్‌నందు నమోదుచేసినది మేమే. 7 అను మీటను రెండుమారులు నొక్కితిమి. యంత్రము ఒక్కమారే గ్రహించినది.

ఆ సాయంకాలము మేము ఒంటరిగా కూర్చుండి, ఆ మీటను లెక్కపెట్టుచు ఇరువది మారులు నొక్కి చూచితిమి. తెరమీద పదునేడు అంకెలే కనబడెను. మూడు నొక్కులు గాలిలో కలిసిపోయినవి. ఇట్టిది మా యంత్రమునకే కలిగిన వ్యాధియా, లేక పలుచని లాప్‌టాప్‌లన్నిటికి నున్న బలహీనతయా యని విచారించి తెలిసికొన్న విషయములను మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగించునను తలంపుతో నిచట వ్రాయుచున్నాము.

ఈ విషయము ధనికులకు మాత్రమే సంబంధించినది కాదు. విజయవాడనుండి ఏలూరు పోవు జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ మార్గములు కలియు చోటనున్న మన హనుమాన్ జంక్షన్ ప్రాంతమున, లాప్‌టాప్ ఇప్పుడు పుస్తకముల సంచివలెనే చదువునకు పరికరమైనది. 2008వ సంవత్సరమున రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ స్థాపింపబడి, దాని శాఖ యొకటి నూజివీడునందు వెలసినది. జనులు దానిని ట్రిపుల్ ఐటి యందురు. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థుల నుద్దేశించిన యా విద్యాలయమున లాప్‌టాప్ సాయమున చదువు సాగుట చూచి, మన పల్లెల తలిదండ్రులనేకులు అప్పుచేసియైనను పిల్లలకు ఆ యంత్రమును కొనిపెట్టుచున్నారు. అట్లు కొన్నది రెండేండ్లకే మూలపడిన యెడల ఆ నష్టము చిన్నది కాదు.

మీట క్రింద నేమున్నది?

మేము చదువుకొను దినములలో ప్రతి పట్టణమునను టైపురైటింగు ఇన్‌స్టిట్యూట్లుండెడివి. లోయర్, హయ్యర్ పరీక్షలకు పోవువారు ఉదయముననే వరుసలో నిలిచెడివారు. టైపు యంత్రమున ఒక్కొక్క మీటకు ఒక్కొక్క యినుపకాడ యుండును. కాడ చిక్కుకొన్నయెడల కంటికి కనబడును, చేతితో విడదీయవచ్చును, దుమ్ము చేరిన బ్రష్షుతో తుడువవచ్చును. లాప్‌టాప్ మీట అట్టిది కాదు. దాని పనియంతయు కంటికి మరుగున జరుగును.

సాధారణమైన లాప్‌టాప్‌నందు మీట మూతక్రింద కత్తెరవలె నొకదానినొకటి దాటుచుండు రెండు ప్లాస్టిక్ చట్రములుండును. మీటను ఏ మూల నొక్కినను అది వంగక సమముగా దిగునట్లు చేయుట వీని పని. వీని నడుమ బోర్లించిన చిన్న రబ్బరు గిన్నె యుండును. నొక్కినప్పుడది అణగి, వ్రేలు తీసినంతనే మీటను పైకి నెట్టును. ఆ గిన్నె క్రింద మూడు పొరల పలుచని ప్లాస్టిక్ రేకు కలదు. పై పొరమీదను, క్రింది పొరమీదను విద్యుత్తు ప్రవహించు వెండి సిరాతో గీతలు ముద్రింపబడి యుండును. నడిమి పొర ఆ రెండింటిని వేరుచేయును. కాని ప్రతి మీట క్రిందను అందొక రంధ్రముండును. మీటను నొక్కగా పై పొర ఆ రంధ్రముగుండ క్రింది పొరను తాకును, విద్యుత్తు ప్రవహించును.

ఈ గీతలు చదరంగపు గడులవలె అడ్డముగను నిలువుగను ఏర్పరుపబడినవి. లోపలనున్న చిన్న చిప్పు ఒకటి సెకనునకు అనేక పర్యాయములు ఈ గీతలను తడవి చూచి, ఏ అడ్డగీత ఏ నిలువుగీతను తాకినదో కనిపెట్టి, ఆ అక్షరమును కంప్యూటరునకు తెలుపును. ఇందువలన ప్రతి మీటకు వేరుగా తీగ అక్కరలేదు. కాని ఒక గీత తడిచేత తుప్పుపట్టి తెగినచో, దానిమీదనున్న మీటలన్నియు నొక్కుమ్మడి మూగబోవును. కావున విద్యార్థులు ఈ సూత్రమును గుర్తుంచుకొనవలెను: ఒక్క మీట మాత్రము మొరాయించిన, బహుశః దానిక్రింద మలినము చేరినది, ఒకదాని కొకటి సంబంధము లేనట్లు కనబడు మీటలు నాలుగైదు ఒకేమారు చెడిన, బహుశః లోపలి గీత చెడినది.

మరియొక చిక్కు కలదు. రెండు పొరలు తాకునప్పుడు సెకనులో కొన్ని వేయవవంతుల కాలము ఆ తాకిడి అదరుచుండును. చిప్పు ఆ యదరుపాటును లెక్కింపక కొంచెము ఆగి, ఒక్క నొక్కుగా గ్రహించును. తాకుచోట మలినము చేరిన యెడల అదరుపాటు ఎక్కువ కాలముండును. అప్పుడు ఒక్క నొక్కునకు రెండక్షరములు పడును. తాకిడియే సరిగా లేనిచో అక్షరమే పడదు.

పలుచదనమునకు చెల్లించు వెల

బల్లమీద నుంచుకొను మంచి మెకానికల్ కీబోర్డునందు మీట సుమారు 4 మిల్లీమీటర్లు దిగును. నేటి పలుచని లాప్‌టాప్‌లలో పెక్కింట అది 1 మొదలు 1.5 మిల్లీమీటర్లు మాత్రమే. అర మిల్లీమీటరు మందముగల ఊకరేణువు మీట క్రిందికి చేరినదనుకొనుడు. 4 మిల్లీమీటర్ల దారిలో అది యెనిమిదవ వంతు. మీట పని సాగిపోవును. 1 మిల్లీమీటరు దారిలో అదే రేణువు సగము దారిని మూసివేయును. దారి యంతయు అర మిల్లీమీటరే యైనచో, మీట కదలుటకు చోటే లేదు.

ఇది ఊహ కాదు. ఆపిల్ సంస్థ 2015వ సంవత్సరమున పండ్రెండంగుళముల మాక్‌బుక్ నందు కత్తెర చట్రమునకు బదులు సీతాకోకచిలుక రెక్కలవలె విచ్చుకొను కొత్త చట్రమును ప్రవేశపెట్టెను. దానికి ‘బటర్‌ఫ్లై’ అని పేరు. మీట దిగు దూరము అందు సుమారు అర మిల్లీమీటరు. 2016లో అది మాక్‌బుక్ ప్రో యంత్రములకు వ్యాపించినది. కొలది కాలములోనే అక్షరములు పడకపోవుట, రెండేసి పడుట, మీటలు అంటుకొనుట యను ఫిర్యాదులు దేశదేశములనుండి వచ్చెను. 2018 మే నెలలో అమెరికాయందలి కాలిఫోర్నియా రాష్ట్రమున కొనుగోలుదారులు దావా వేసిరి. జూన్ నెలలో ఆ సంస్థ, యంత్రము మొదట అమ్ముడుపోయిన నాటినుండి నాలుగేండ్లవరకు ఈ కీబోర్డులను ఉచితముగా బాగుచేయుదుమని ప్రకటించెను. ఆ వత్సరమే వచ్చిన నూతన యంత్రములలో మీటల క్రింద సన్నని సిలికాన్ పొరను అమర్చిరి. అయినను ఫిర్యాదులు తీరలేదు. 2019 మార్చిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికయందు ఒక రచయిత్రి, తన లాప్‌టాప్ మింగివేసిన అక్షరములను పూరింపకయే తన వ్యాసమును ప్రచురించెను. పదములన్నియు పండ్లూడిన నోరువలె నుండుటచే చదువరులకు ఆమె కష్టము వేరుగ చెప్పనక్కర లేకపోయెను.

తుదకు 2019 నవంబరులో ఆపిల్ సంస్థ కత్తెర చట్రమునకే మరలినది. అందు మీట 1 మిల్లీమీటరు దిగును. దావా విషయమున 2022 జూలైలో తన తప్పును ఒప్పుకొనకయే 5 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను. 2023లో న్యాయస్థానము దానిని ఆమోదించెను. అది అమెరికాలోని ఏడు రాష్ట్రములందు కొన్నవారికే వర్తించినది.

ఇందు మరియొక నీతి కలదు. ఆ యంత్రములలో కీబోర్డు పైడొప్పకు రివెట్లతో బిగింపబడి, బ్యాటరీ జిగురుతో అంటింపబడి యుండెను. కావున ఒక్క మీట చెడినను పలుమారు పైభాగమంతయు మార్చవలసివచ్చెను. తలుపు గడియ విరిగినందుకు గోడ మార్చినట్లు! ఇతర సంస్థల పలుచని యంత్రములలోను ఇట్టి కూర్పు కానవచ్చును. స్క్రూలతో బిగించిన కీబోర్డైనచో దానిని మాత్రమే మార్చుకొనవచ్చును. 2021లో అమ్మకము ప్రారంభించిన ఫ్రేమ్‌వర్క్ అను సంస్థ కీబోర్డును విడిగా అమ్మి, కొన్నవారే మార్చుకొనునట్లు తన లాప్‌టాప్‌ను నిర్మించినది. పలుచదనమును, మరమ్మతునకు వీలును ఒకచోట నుంచుట అసాధ్యము కాదని దీనివలన తెలియుచున్నది.

తెలుగు వ్రాతకు కలుగు కీడు

ఇంగ్లీషులో ఒక అక్షరము రెండుమారులు పడిన, అది తప్పని చాలవరకు చూడగనే తెలియును. తెలుగున అట్లు కాదు. ఇంగ్లీషు మీటలతో ధ్వనినిబట్టి తెలుగు వ్రాయువారు ‘కల’ అని కొట్టునప్పుడు, ‘ఎ’ మీట రెండుమారులు పడిన ‘కాల’ యగును. ‘ఎల్’ మీట రెండుమారులు పడిన ‘కల్ల’ యగును. కల కల్ల యగుటకు ఒక దుమ్ముకణము చాలును! మన భాషలో హ్రస్వదీర్ఘములును, ద్విత్వాక్షరములును అర్థమును మార్చుటయే దీనికి కారణము. 1986లో భారతప్రభుత్వము ప్రమాణముగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో వ్రాయువారికి మరియొక యాపద కలదు. ఆ పద్ధతిలో పొల్లు ‘డి’ మీటయందున్నది. మన వత్తులన్నియు ఆ ఒక్క మీటమీదనే ఆధారపడియున్నవి. అది మొరాయించిన ‘అమ్మ’ కాస్తా ‘అమమ’ యగును. ఎక్కువగా కొట్టబడు మీట గనుక త్వరగా అరుగుటకును వీలున్నది.

మన ప్రాంతమున తీసికొనవలసిన జాగ్రత్తలు

కృష్ణా డెల్టాయందు గాలిలో తేమ యెక్కువ. మిల్లుల ఊక, తవుడు, రహదారిమీది ధూళి ఇంటింట ప్రవేశించును. వేసవిలో వ్రేళ్ల చెమట మీటల సందులలో జారును. ఇవి యన్నియు మీటలకు శత్రువులే. కావున పని ముగిసినంతనే మూత వేయవలెను. వరండాలో, మిల్లు దరిని తెరచి యుంచరాదు. తినుబండారములు దూరముగా నుండవలెను. తీపి నలుసు పడినచోట చీమలు చేరును.

మీట మొరాయించినప్పుడు నోటితో ఊదరాదు. ఊపిరిలోని తేమ లోనికి పోవును. ఆపిల్ సంస్థ తన పలుచని యంత్రములకు చెప్పిన విధానమిది: లాప్‌టాప్‌ను 75 డిగ్రీల వాలున పట్టుకొని, డబ్బాలోని గాలిని ఎడమనుండి కుడికి విదలింపవలెను. పిదప కుడి ప్రక్కకును, ఎడమ ప్రక్కకును త్రిప్పి అట్లే చేయవలెను. మీట మూతను సూదితో పెకలింపరాదు. చట్రపు కొక్కెములు వెండ్రుకంత సన్ననివి.

టీ గాని నీరు గాని ఒలికినచో, తక్షణమే యంత్రము నాపి, ఛార్జరు తీసి, బోర్లించి, మీటలు నొక్కి చూడక మరమ్మతుదారుని యొద్దకు తీసికొనిపోవలెను. బియ్యములో పాతిపెట్టుట మనవారి యలవాటు. అది మేలు చేయదు. పైగా తవుడు లోపలికి చేరును.

ఇంటియొద్ద ఎక్కువగా వ్రాయువారు విడిగా నొక సాధారణ యు.ఎస్.బి. కీబోర్డు తగిలించుకొనుట మంచిది. దాని వెల స్వల్పము, చెడిన మార్చుకొనవచ్చును. కొనుటకు ముందు అంగడివానిని మూడు ప్రశ్నలు అడుగుడు: కీబోర్డు విడిగా మార్చుటకు వీలగునా? మార్చిన ఎంత యగును? వారంటీ ఎన్నాళ్లు? 2022 డిసెంబరులో భారతప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ, మరమ్మతు వివరములు ప్రజల కందించుటకై ‘రైట్ టు రిపేర్’ అను పోర్టలును ప్రారంభించినది. మరమ్మతు కొనుగోలుదారుని హక్కు అను భావము మన దేశమునను వేరూనుచున్నది.

ముగింపు

ఆ దినమున మేము బాలుని యెదుటను, తండ్రి యెదుటను తప్పు ఒప్పుకొని, ప్రగతిపత్రము మార్చి యిచ్చితిమి. యంత్రము సంగతి చెప్పగా ఆ తండ్రి కోపపడలేదు. “మిల్లులో కాటా కూడా దుమ్ము పడితే తప్పు తూకం చూపిస్తుందండి మాస్టారూ. అందుకే రోజూ పొద్దున్నే తుడిచి, తెలిసిన రాయి పెట్టి చూసుకుంటాం” అనెను. అంతకుమించిన ఉపాయమును మేము ఏ గ్రంథమునను చూడలేదు.

నాటినుండి మా పాఠశాలలో మార్కులు నమోదుచేయుటకు ముందు అంకెల మీట లన్నిటిని పదేసిమారులు నొక్కి లెక్క చూచుచున్నాము. నమోదైన పిదప ఒకరు జవాబుపత్రము చూచి పైకి చదువగా, మరియొకరు తెరమీద సరిచూచుచున్నారు. అరగంట యెక్కువ పట్టుచున్నది. పట్టనిండు. మీట తప్పుట యంత్రదోషమే. కాని పత్రము చూడకయే బాలుని గద్దించినది యంత్రము కాదు, మేము.