వార్తల్లో పదం: దత్తపుత్రుడు

దత్తత ఓ కుటుంబ వ్యవహారం. ఆంధ్రప్రదేశ్ రాజకీయాల్లో మాత్రం అది ఎత్తిపొడుపైంది. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు జగన్మోహన్ రెడ్డి సభల్లో జనసేన అధినేత పవన్ కల్యాణ్ పేరెత్తకుండా ‘దత్తపుత్రుడు’ అనేవారు. పవన్ పార్టీ నడుపుతున్నది తెలుగుదేశం అధినేత చంద్రబాబు కోసమేనన్నది ఆ మాటలోని ఆరోపణ. పవన్ ఊరుకోలేదు. అక్రమాస్తుల కేసులను గుర్తుచేస్తూ 2022లో జగన్‌నే ‘సీబీఐ దత్తపుత్రుడు’ అన్నారు. తెలుగుదేశం శ్రేణులు కూడా జగన్‌ను ఉద్దేశించి ‘సైకో పోవాలి, సైకిల్ రావాలి’ అని నినదించాయి.

అమెరికాలో ట్రంప్ తన ప్రత్యర్థి బైడెన్‌ను ‘స్లీపీ జో’ అన్నదీ ఇదే విద్య. పేరు అంటుకుంటే చాలు, విధానాల మీద వాదించే పని తప్పుతుంది.

ఈ మాటల వేడి అప్పటి ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతానికీ తగిలింది. 2023 ఏప్రిల్‌లో జగన్ మార్కాపురంలో ఈబీసీ నేస్తం పథకం నిధులు విడుదల చేశారు. కొద్దిరోజులకే చంద్రబాబు అక్కడ పుట్టినరోజు జరుపుకున్నారు. మరుసటి ఏడాది గిద్దలూరు అసెంబ్లీ ఎన్నిక ఫలితం వెయ్యిలోపు ఓట్ల తేడాతో తేలింది.

ఈ ప్రాంతానికి అసలు గొడవ నీళ్లు. వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో జగన్ జంట సొరంగాలను ప్రారంభించారు, అప్పటికి నిర్వాసితుల పునరావాసం మిగిలే ఉంది. 2025 జులైలో ఉపముఖ్యమంత్రి హోదాలో పవన్ నరసింహాపురంలో రూ.1,290 కోట్ల తాగునీటి పథకానికి శంకుస్థాపన చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లు ఏ నాయకుడినైనా నిలదీయాల్సింది ఆ కుళాయిల గురించే.