తుఫాను దేశంలో తలల లెక్క

2013 నవంబరు 8 ఉదయం ఫిలిప్పీన్స్‌లోని తక్లోబాన్ నగరం మీదికి సముద్రం వచ్చిపడింది. బయటి ప్రపంచం హైయాన్ అనీ, అక్కడి జనం యోలాండా అనీ పిలిచిన ఆ తుఫానులో అధికారిక లెక్క ప్రకారమే 6,300 మంది చనిపోయారు. మరో వెయ్యిమందికి పైగా ఆచూకీ తెలియలేదు. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, రోడ్ల మీద చెట్లూ కప్పురేకులూ గుట్టలు పడ్డాయి. ఎవరున్నారో ఎవరు పోయారో ప్రభుత్వానికే అంతుపట్టని ఆ రోజుల్లో ఒక క్రైస్తవ సంఘం మాత్రం, ఆ ప్రాంతంలో తమ మిషనరీలు 204 మంది ఉన్నారనీ, అందరూ ప్రాణాలతోనే ఉన్నారనీ కొద్దిరోజుల్లోనే తేల్చి చెప్పగలిగింది.

దీన్ని దేవుడి కృప అనుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. అయితే అందులో మనుషుల పని కూడా చాలా ఉంది. ఆ పని ఏ మతం వాళ్లయినా, అసలు మతమే లేనివాళ్లయినా నేర్చుకోగలిగినది. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

ముందు ఆ దేశం సంగతి. ఫిలిప్పీన్స్ సముద్ర పరిధిలోకి ఏటా సుమారు 20 తుఫాన్లు వస్తాయి. వాటిలో ఎనిమిదో తొమ్మిదో నేల మీదుగానే పోతాయి. మనకు తుఫాను ఒక సంఘటన, వాళ్లకు అది ఒక కాలం. 2024లో అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్యలోపు, నెల తిరక్కుండానే ఆరు తుఫాన్లు ఒకదాని వెనక ఒకటి ఆ దేశాన్ని తాకాయి. మొదటిదానికి ఎగిరిపోయిన కప్పు మీద టార్పాలిన్ కట్టుకునేసరికి రెండోది వచ్చేది. ఇలాంటి చోట పాస్టరు గానీ ఫాదర్ గానీ వాతావరణం తన పని కాదని కూర్చోలేడు. జనాభాలో ఇంచుమించు ఎనభై శాతం కతోలికులు. ప్రతి పట్టణం నడిమధ్య రాతి దేవాలయం, పేటపేటకూ ఓ చిన్న ప్రార్థనా మందిరం ఉంటాయి. తుఫాను ముంచుకొస్తుంటే విపత్తుల నుంచి కాపాడమని కోరే ప్రత్యేక ప్రార్థనను ప్రతి పూజలోనూ చదవమని మేత్రాణులు, అంటే బిషప్పులు, ఆదేశాలు పంపుతారు. అదే సమయంలో దేవాలయం తలుపులు తెరిచి చాపలు పరుస్తారు.

అక్కడి గురువులు ప్రార్థనతో ఆగిపోలేదు. ఆసియాలో తుఫాను హెచ్చరికల చరిత్ర మొదలైన చోట్లలో మనీలా ఒకటి, మొదలుపెట్టినవాళ్లు యేసుసభ గురువులు, అంటే జెస్యూట్లు. 1865 సెప్టెంబరులో వచ్చిన ఒక తుఫాను తీరును మనీలాలోని తమ ఆతెనియో పాఠశాలలో ఫ్రాన్సిస్కో కోలినా అనే యువకుడు గంట గంటకూ రాసిపెట్టాడు. ఆ రాతలోంచే మనీలా అబ్జర్వేటరీ పుట్టింది. తర్వాత దాన్ని నడిపిన ఫాదర్ ఫెడెరికో ఫౌరా 1879 జులై 7న, మనీలా ఉన్న లుజాన్ దీవి ఉత్తర భాగం మీదుగా తుఫాను పోబోతోందని ముందే ప్రకటించాడు. బారోమీటరులో పాదరసం పడిపోయే తీరు, మబ్బులు కదిలే దిక్కు, గాలి మళ్లే వాలు, ఈ మూడే ఆయన ఆధారాలు. ఉపగ్రహాలు రావడానికి ఇంకా ఎనభై ఏళ్లుంది.

అసలు పరీక్ష ఆ ఏడాది నవంబరులో వచ్చింది. 18వ తేదీన ఫౌరా మనీలాకే తుఫాను రానుందని చెప్పాడు. రేవు అధికారి ఓడలను కదలనివ్వలేదు. రెండురోజులకు తుఫాను రానే వచ్చింది, నగరం సిద్ధంగా ఉంది. కానీ టెలిగ్రాఫు తీగ లేని రేవులకు ఈ కబురు చేరలేదు. ఒక్క దక్షిణ లుజాన్‌లోనే 42 నౌకలు పగిలిపోయాయి. జోస్యం ఒకటే, తీగ ఉన్నచోట ప్రాణాలు నిలిచాయి, లేనిచోట పోయాయి. హెచ్చరిక ఎంత కచ్చితమైనదన్నది సగం విషయమే, అది ఎవరి చెవిన పడిందన్నది మిగతా సగం. ఈ సంగతి 2013లో మళ్లీ రుజువైంది.

ఎలాగో చెప్పాలంటే తక్లోబాన్ ఎక్కడుందో చెప్పాలి. లేటె, సమార్ అనే రెండు దీవుల మధ్య సముద్రం లోపలికి చొచ్చుకువచ్చి, పోనుపోను సన్నబడుతుంది. లోతు కూడా తక్కువ. అచ్చం గరాటులా ఉండే ఆ అఖాతం కొసన ఉంది ఊరు. తుఫాను కన్ను దాటేముందు గాలి ఉత్తరం నుంచి వీచి నీటిని వెనక్కి తోసింది, దాటాక తూర్పు వైపు నుంచి మళ్లి ఆ నీటినంతటినీ గరాటులోకి నెట్టింది. అయిదారు మీటర్ల ఎత్తున ఉప్పెన లేచింది. అమెరికా సైనిక కేంద్రం అంచనాలో గాలివేగం గంటకు 315 కిలోమీటర్లు. అయినా ఊరిని చంపింది గాలి కాదు, నీరు. సముద్రం పొంగుతుందని ముందే చెప్పారు. జనం మాత్రం గాలికే సిద్ధపడ్డారు. కప్పులకు తాళ్లు కట్టుకున్నారు, కిటికీలకు చెక్కలు కొట్టుకున్నారు, ఇళ్లు వదల్లేదు.

విచారించవలసిన విషయం ఏమిటంటే ఆ సముద్రం అంతకుముందూ అదే పని చేసింది. 1897 అక్టోబరు 12, 13 తేదీల్లో సమార్, లేటె దీవులను ఒక తుఫాను ముంచింది, వెయ్యిమందికి పైగా పోయారు. ఫౌరా తర్వాత అబ్జర్వేటరీని నడిపిన ఫాదర్ హోసె అల్గువె దాని మీద పరిశోధించి మరుసటి ఏడాదే ఏకంగా ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అంటే 2013 నాటి ఉప్పెనకు 115 ఏళ్ల ముందే ఒక మతగురువు దాని తాతను కాగితం మీద పెట్టి వెళ్లాడు. పుస్తకం గ్రంథాలయంలో ఉంది, ఊళ్లో లేదు.

ఇక ఆ 204 మంది. వాళ్లు కడవరి దిన పరిశుద్ధుల సంఘం వాళ్లు, లోకం మోర్మన్లు అంటుంది. తెల్ల చొక్కా, టై, జేబుకు నల్ల పేరుపట్టీతో ఇద్దరిద్దరుగా నడిచిపోయే కుర్రాళ్లను హైదరాబాదులోనో విశాఖలోనో మీరు చూసే ఉంటారు. భారతదేశంలో ఈ సంఘానికి మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర సొంతూరు వదిలి సేవకు వెళతారు. తక్లోబాన్ మిషన్‌లో అమెరికా వాళ్లూ ఉన్నారు, ఫిలిప్పీన్స్ బిడ్డలూ ఉన్నారు.

ఈ సేవకు కొన్ని కట్టుదిట్టాలుంటాయి. మామూలు రోజుల్లో చూస్తే చాదస్తం అనిపిస్తాయి. మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు, జతగాడు కళ్లెదుటే ఉండాలి. ఏ జత ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఉంటోందో పైవాళ్ల దగ్గర రాసి ఉంటుంది. కొన్ని జతలకు కలిపి ఒక నాయకుడు, అలాంటి నాయకులు కొందరికి మరొకడు, ఆ పైన మిషన్ అధ్యక్షుడు. మూడురోజులకు సరిపడా తిండీ నీళ్లూ సంచిలో సిద్ధంగా పెట్టుకోవడం ఆ సంఘంలో మిషనరీలకే కాదు, కుటుంబాలకూ అలవాటు. తుఫాను వచ్చిన రోజు ఈ చాదస్తమే అక్కరకొచ్చింది. ఫోన్లు లేకపోయినా ఎవరిని ఎక్కడ వెతకాలో తెలుసు కనుక కాలినడకన వెళ్లి వెతికారు. ఒకరు దొరికితే ఇద్దరు దొరికినట్టే. ఆ రోజు ఉదయం ఒక ఇంట్లో కొందరు అమ్మాయిలు నీళ్లలో చిక్కుకున్నారు, గదిలో మట్టం పైకప్పు వైపు పెరుగుతుంటే ఎలాగో బయటపడి ఇంటికప్పు ఎక్కి గంటల తరబడి వానలో తడుస్తూ బతికారు. ధైర్యం వాళ్లది, సందేహం లేదు. కానీ ఆ కప్పు మీద పదిమంది ఉండటం వేరు, ఒక్కతే ఉండటం వేరు.

అప్పట్లో ఈ మిషనరీలకు ఇంటికి ఫోను చేసే వీలు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మాతృదినోత్సవానికీ. మిగతా అంతా వారానికో ఈమెయిలు. కాబట్టి తుఫాను తర్వాత అమెరికాలోనూ మనీలాలోనూ తల్లిదండ్రులు పడిన వేదన ఊహించవచ్చు. 2019లో సంఘం ఆ నియమం సడలించింది, ఇప్పుడు వారానికోసారి ఇంటికి మాట్లాడవచ్చు.

అందరూ దొరికాక వాళ్లను మనీలాకు తరలించి, అక్కణ్నుంచి వేరే మిషన్లకు పంపేశారు. కష్టంలో ఉన్నవాళ్లను వదిలి విమానం ఎక్కడమేమిటని అడగవచ్చు. నా మటుకు నాకు ఆ నిర్ణయం సబబే అనిపిస్తుంది. శిక్షణ లేని రెండువందల మంది కుర్రాళ్లు, తాగునీరే లేని ఊళ్లో అదనపు నోళ్లే అవుతారు. నాకు అసంతృప్తి మరోచోట ఉంది. విదేశీ పత్రికలు ఆ యువకుల కథలు చెప్పినంత విపులంగా, అక్కడే ఉండిపోయిన స్థానిక సంఘస్థుల కథలు చెప్పలేదు. జీతం లేని సంఘ పెద్దలు తమ ఇల్లు పోయినా ఇంటింటికీ తిరిగి ఎవరున్నారో చూశారు. ఈ సంఘంలో ప్రతి కుటుంబాన్నీ నెలకోసారి చూసిరావడానికి ఇద్దరిని నియమించే పద్ధతి 2018 దాకా ఉండేది. ఏ గడపలో ముసలివాళ్లున్నారో, ఎవరు మంచంపట్టారో వాళ్లకు కంఠతా వచ్చు.

గుడి గోడల సంగతికి వస్తే కథ ఇంత బాగుండదు. రాతి కట్టడం మీద జనానికి ఉన్న నమ్మకాన్ని ఆ తుఫాను వమ్ము చేసింది. తక్లోబాన్ పక్కనున్న పాలో పట్టణంలోని ప్రధాన దేవాలయం రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, ఆసుపత్రిగా పనికొచ్చిన కట్టడం, దాని కప్పే లేచిపోయింది. తుఫాను మొదట నేలను తాకిన గీవాన్‌లో, గవ్వలతోనూ చిప్పలతోనూ అలంకరించిన శతాబ్దాల నాటి దేవాలయం మొండి గోడలతో మిగిలింది. తక్లోబాన్‌లో కొంచెం ఎత్తున ఉన్న రిడెంప్టరిస్టు గురువుల దేవాలయం వందల కుటుంబాలకు గూడైంది. పల్లంలోని తరలింపు కేంద్రాల్లో కొన్నింటిలోకి నీళ్లే వచ్చేశాయి, ప్రాణం కోసం అక్కడికి చేరినవాళ్లు అక్కడే పోయారు. పవిత్ర స్థలమా, ప్రభుత్వ భవనమా అని నీరు చూడదు. ఎత్తు ఎంత, కప్పు ఏ పాటిది అన్నదొక్కటే తేడా.

తర్వాతి వారాల్లో మతగురువుల పని మరీ బరువైంది. పాలో దగ్గర సాన్ హోక్విన్ దేవాలయం ముందు ఖాళీ స్థలమే శ్మశానమైంది. వందల శవాలను అక్కడే పాతిపెట్టారు. ఒక్కో శిలువ మీద ఒకే ఇంటివాళ్ల పేర్లు వరసగా ఉంటాయి. ఊరు శుభ్రం చేసే పనిని తైవాన్ నుంచి వచ్చిన త్జు చి అనే బౌద్ధ సంస్థ తెలివిగా మొదలుపెట్టించింది. ఎవరి వీధి వాళ్లు ఊడ్చుకుంటే రోజుకు 500 పెసోలు చేతికిచ్చింది. దానివల్ల చెత్తతో పాటు నిస్పృహ కూడా కొంత కదిలింది. డిసెంబరు 16 నుంచి 24 దాకా తెల్లవారకముందే చేసుకునే తొమ్మిదినాళ్ల పూజలను కప్పులేని దేవాలయాల్లోనే చేసుకున్నారు. 2015 జనవరి 17న పోప్ ఫ్రాన్సిస్ తక్లోబాన్ వస్తే, ఆ రోజు కూడా తుఫానే! పసుపుపచ్చని ప్లాస్టిక్ వానకోటు వేసుకుని విమానాశ్రయం దగ్గర పూజ చేసి, రాసుకొచ్చిన ప్రసంగం పక్కనబెట్టి, తన మాతృభాష స్పానిష్‌లో మాట్లాడి, వాతావరణం ఇంకా చెడకముందే మధ్యాహ్నానికే తిరిగి విమానమెక్కాడు.

సహాయం పేరుతో మతం మారుస్తారన్న అనుమానం మన పాఠకుల్లో కొందరికి ఉంటుంది. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబుగా 1994లో రెడ్‌క్రాస్ ఒక ప్రవర్తనా నియమావళి తయారుచేసింది. సహాయాన్ని ఏ మత, రాజకీయ దృక్పథాన్నీ ముందుకు నెట్టడానికి వాడకూడదని అందులో స్పష్టంగా ఉంది. దాన్ని రూపొందించినవాళ్లలో కతోలికుల కారితాస్, ప్రపంచ చర్చిల మండలి కూడా ఉన్నాయి. నియమం కాగితం మీద ఉన్నంత మాత్రాన అంతటా అమలవుతుందని నేననను. బియ్యం బస్తాతో కరపత్రం ఇచ్చేవాడు ఆ బస్తా విలువ తగ్గించినట్టే. కానీ చర్చిలు తమకు తాము గీసుకున్న గీత అది, దాన్ని పట్టి నిలదీసే హక్కు మనందరికీ ఉంది.

మన తీరానికి ఇదంతా పరాయి కథ కాదు. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ పెట్టిన బడిని నడుపుతున్నవాళ్లు అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనకు బలైనవాళ్లు అధికారిక లెక్కలోనే పదివేలు. ఆ తర్వాత తీరం వెంట తుఫాను ఆశ్రయాలు కట్టించిన సంస్థల్లో చర్చిల సేవాసంస్థ కాసా ఒకటి. ఇప్పుడు మన హెచ్చరికలు ఎంతో మెరుగయ్యాయి, ముందుగా తరలించడం కూడా.

అయినా చివరి గడప దాకా వెళ్లేది ఊళ్లో మనిషే. అక్టోబరులో తుఫాన్ల కాలం రాకముందే మీ చర్చి పెద్దలు, గుడి కమిటీ, మసీదు కమిటీ ఎవరైనా సరే, ఒక పని చేయండి. నడవలేనివాళ్లు, నిండు గర్భిణులు, మంచంపట్టినవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో కాగితం మీద రాయండి. ఒక్కో ఇంటికి ఇద్దరిని అప్పగించి, వాళ్ల పేర్లూ పక్కనే రాయండి. ఒక ప్రతి గ్రామ సచివాలయంలో ఇవ్వండి, ఒకటి తడవని సంచిలో మీ దగ్గరుంచుకోండి. ఫోన్‌లో మాత్రమే దాచుకోవద్దు.