మలయాదేశమందలి చీనీయులును భారతీయులును

ఇప్పుడు మలేషియా యనబడు రాజ్యమునందు వలసవచ్చినవారి సంతతివారు రెండు పెద్ద సంఘములుగా నున్నారు. 2020 నాటి జనగణనమున పౌరులలో చీనీయులు నూటికి 23 మందియు, భారతీయులు నూటికి ఇంచుమించు 7 గురును తేలిరి. ఇరువురి పూర్వులలో అధికభాగము ఒకే శతాబ్దమున, ఒకే ఆంగ్లప్రభుత్వపు నీడను, ఒకే విధమైన లేమిచేత నిల్లువిడిచి సముద్రము దాటినవారే. అట్లయ్యు కాలక్రమమున అంగళ్లు, గనులు, బ్యాంకులు ఒకరి చేతికి వచ్చెను. రెండవవారిలో పెక్కురు మూడుతరముల పిదపను ఇతరుల తోటలలో, ఇతరులు కట్టించిన యిండ్లలోనే యుండిరి. ఈ భేదమునకు కారణమేమి?

దీనికి చిరకాలముగా చెప్పబడుచున్న సమాధానము మిక్కిలి సులభమైనది. చీనీయుడు పుట్టుకచేతనే పొదుపరి, వ్యాపారశీలుడు. దక్షిణభారతపు కూలి పుట్టుకచేతనే అణకువగలవాడు, చొరవలేనివాడు అని. తోటల యజమానులును అధికారులును ఈ మాటను పలుమారులు వ్రాసిరి. కూలివారిని తెప్పించునపుడు యజమానులు కోరి యెంచుకొనినదే ఆ యణకువ. ఎంచి తెచ్చుకొనిన గుణమును పిదప జాతిస్వభావముగా లెక్కవ్రాయుట విచిత్రమైన తర్కము. అయినను ఆ తర్కము గ్రంథములనుండి జనుల నోళ్లకు దిగి, ఆ సంఘమువారే తమ్మునుగూర్చి చెప్పుకొను మాటయైనది. కావున దానిని పరీక్షింపకుండ విడువరాదు.

ఈ విషయమున శబ్దములు కొంత సాక్ష్యమిచ్చును. మలయాభాషలో దక్షిణభారతీయునకు 'కెలింగ్' అని పేరు. ఇది కళింగ శబ్దమునుండి పుట్టినదని పండితులలో పెక్కుర యభిప్రాయము. కళింగపు రేవులనుండి బట్టలమూటలతో నోడలు పోవుచుండిన కాలమున అది వర్తకుని పేరు. తోటల కాలమున ఆ మాటయే కూలికి చెల్లి, మెల్లమెల్లగా నిందావాచకమై, నేడు సభలలో పలుకరానిదైనది. అర్థము దిగజారిన క్రమమును చూచిన, దానిని మోసినవారి బ్రతుకు మారిన క్రమము కొంత తెలియును.

అంతకంటె ముఖ్యములు కాంగ్సీ, కంగాణి యను రెండు పదములు. చీనాభాషనుండి మలయాభాషకు వచ్చిన కాంగ్సీ యనగా పొత్తు, కూటవ్యాపారము. మలయాభాషలో నేటికిని ఆ పదము పంచుకొనుట యను నర్థమున వాడుకలో నున్నది. కంగాణి తమిళపదము. కన్ను వేసి కాచువాడని దాని యవయవార్థము, మేస్త్రీ యని వ్యవహారార్థము. చీనీయుల ఆర్థికజీవనము మొదటిదానిమీదను, భారతీయులది రెండవదానిమీదను కట్టబడెను.

గనుల సంగతి ముందు చూడదగును. 1840 తరువాత పేరక్ సీమలోని లారుత్ ప్రాంతమున, 1880 తరువాత కింతా లోయలో తగరపు గనులు విస్తారముగా త్రవ్వబడెను. త్రవ్వినవారు చీనీయులు, పెట్టుబడి పెట్టినవారును రేవుపట్టణములలోని చీనా వర్తకులే. గనికూలి సుఖజీవి యని భ్రమపడరాదు. ఓడకేవు అప్పుగా వచ్చినవాడు ఆ యప్పు తీరువరకు అమ్ముడుపోయినవానితో సమానుడు. వానికి 'సింకే', అనగా క్రొత్త అతిథి, అని పేరు పెట్టుటలోని వెటకారము గమనింపదగినది. మలేరియాచేతను, బెరిబెరిచేతను, ముఠాల కొట్లాటలలోను చచ్చినవారు లెక్కకు మిక్కిలి. లారుత్‌లో ఆ ముఠాలు చేసిన యుద్ధములు 1874లో పాంగ్కోర్ ఒడంబడికవరకు సాగెను.

అయినను ఆ గనిలో పైకిపోవు మెట్టు ఒకటి యుండెను. పార, గంప, నీరు తోడు యంత్రము గలిగిన చాలును. పదిమంది కూడి ఒక గుంట త్రవ్వుకొనవచ్చును. కొన్ని గనులలో కూలివారికి దినవేతనమునకు బదులు పండిన తగరములో పాలు లభించెడిది. అప్పిచ్చువాడు, బియ్యమమ్మువాడు, తగరము కొనువాడు తన భాషవాడే, పెక్కుచోట్ల తన యూరివాడే. ఆ పరిచయమే జామీను. యాప్ ఆ లోయ్ 1854లో మలయాకు వచ్చి, గనికూలిగాను, వంటవాడుగాను, పందుల బేరగాడుగాను బ్రతికి, 1868లో కౌలాలంపూరు చీనీయులకు కపితాన్ అనబడు పెద్దయై, 1885లో చనిపోవునాటికి ఆ పట్టణమున మిక్కిలి ధనవంతుడయ్యెను. ఇట్టివాడు వేలలో నొక్కడు. కాని ఆ యొక్కని అంగడిలో గుమాస్తాలు, వాని గనిలో ఉపగుత్తదారులు, వాని యప్పుతో లేచిన చిల్లరవర్తకులు ఎందరో యుండిరి. 1912 తరువాత ఐరోపా కంపెనీల పెద్ద యంత్రములు గనులలో దిగి చీనీయులను వెనుకకు నెట్టినపుడు, వారి ధనము అప్పటికే అంగళ్లకును, చిన్న రబ్బరుతోటలకును, బ్యాంకులకును మరలియుండెను.

మత్తుపదార్థముల విషయము కూడ నిందే చెప్పవలెను. చీనాకూలి నల్లమందుచేత చెడెను. భారతకూలి తోటలోని కల్లుచేత చెడెను. చెడుటలో ఇరువురును సమానులే. కాని నల్లమందు గుత్తలు 1910 ప్రాంతమువరకు చీనా వర్తకుల చేతనుండెను గనుక, కూలి పోగొట్టుకొనిన సొమ్ములో కొంతభాగము ఆ సంఘములోనే మూలధనముగా నిలిచెను. తోటకల్లు సొమ్ము కూలివారి సంఘములో నెవనికిని మూలధనము కాలేదు. పొదుపే ఐశ్వర్యకారణమనువారు ఈ సంగతిని తలచుకొనుట మేలు.

ఇక రబ్బరుతోట. రబ్బరుచెట్టు నాటిన పిదప పాలిచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. వేలకొలది ఎకరములు నరికించి, అన్ని సంవత్సరములు రాబడిలేక యోర్చుకొనగలవారు లండనులో వాటాలమ్మి ధనము కూర్చిన కంపెనీలే. కూలివానికిని యజమానునికిని నడుమ ఎక్కదగిన మెట్టు లేదు. దొర, గుమాస్తా, కంగాణి, కూలి, అంతే. ఆ గుమాస్తా సైతము తరచుగా సింహళద్వీపపు తమిళుడో మలయాళియో యగును; కూలి కొడుకు ఆ కుర్చీ నెక్కుట అరుదు.

ఒప్పందపు కూలిపద్ధతి భారతీయులకు 1910లో నిలిపివేయబడెను. దాని స్థానమున కంగాణిపద్ధతి బలపడెను. తోటలో పనిచేయు కంగాణి స్వగ్రామమునకు వచ్చి, బంధువులను ఇరుగుపొరుగువారిని కూర్చి, మద్రాసు సమీపమున ఆవడియందో నాగపట్టణమునందో నున్న శిబిరమునకు చేర్చి, ఓడ నెక్కించెడివాడు. పనికి వచ్చిన ప్రతి తలకును దినమునకిన్ని సెంట్లని యాతనికి ముట్టెడిది. కావున కూలివారు పనికిపోవుటయే వాని లాభము. కూలివారు పైకివచ్చి తోట విడుచుట వాని నష్టము. 1907లో ఏర్పడిన వలసనిధికి యజమానులెల్లరు చందా కట్టగా, ఆ సొమ్ముతో ఓడకేవు చెల్లింపబడెను. పైకి ఇది కూలివానికి మేలుగనే కనబడును. అప్పు లేకయే వచ్చుచున్నాడు గదా! కాని ఎంతమంది కావలసిన నంతమందిని నిధి తెచ్చుచుండుటచేత, కూలిధర పెరుగుటకు సందే లేకపోయెను. 1920-30ల నడుమ మంచి ప్రాంతములలో ప్రమాణవేతనము పురుషునకు దినమునకు 50 సెంట్లు, స్త్రీకి 40 సెంట్లు. ఆ చెట్లనే గీయు చీనాకూలి ఆ నిధికి లోబడక, తన మేస్త్రీద్వారా గుత్తకు పని పట్టుకొని, అంతకంటె నెక్కువ పొందుచుండెను.

తోటలో ఇల్లు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది, బడియు కంపెనీదే. ఏడు మొదలు పదునాలుగేండ్ల లోపు పిల్లలు పదిమంది యున్నచో బడి పెట్టవలెనని 1923 నాటి కార్మికశాసనము విధించెను. ఆ బడి పెక్కుచోట్ల ప్రాథమికపు చదువుతో ఆగిపోయెను. పట్టణములలో చీనాబడులను వర్తకసంఘములు చందాలతో నడుపుచుండెను. ఆ బడి దాటినవానికి అంగడిలో లెక్కలు వ్రాయు పని సిద్ధముగా నుండెను. తోటబడి దాటిన పిల్లవానికి ఎదురుగా నుండినది రబ్బరుచెట్టే.

తెలుగువారు ఈ రెండవ పంక్తిలోనివారు. 1931 నాటి జనగణనమున మలయాలోని భారతీయులు సుమారు 6 లక్షల 24 వేలు కాగా, తెలుగువారు ముప్పదివేలకు పైచిలుకు. విశాఖపట్టణము, గంజాము మొదలగు మండలములనుండి పోయిన ఈ కుటుంబములు దిగువ పేరక్ సీమలో, ముఖ్యముగా బాగన్ దాతో ప్రాంతపు కొబ్బరితోటలలో, గుంపులుగా నిలిచెను. భాష నిలుచుటకు ఆ గుంపు తోడ్పడెను. పట్టణమునకు పోవు దారిని కూడ ఆ గుంపే కొంత మూసెను.

1930లో వచ్చిన ధరల పతనము ఈ భేదమును స్పష్టముగా బయటపెట్టెను. రబ్బరు ధర పడిపోగా, పనిలేని భారతకూలివారు లక్షకు పైగా ఓడలలో స్వదేశమునకు పంపివేయబడిరి. పని పోయినవానికి ఆ దేశమున నిలువ నీడ లేకుండెను. చీనీయులలోను కొందరు తిరిగిపోయిరి. కాని పెక్కురు అడవి యంచులకు పోయి, అనుమతి లేకయే నేల చదునుచేసి, కూరగాయలు, కర్రపెండలము పండించుకొని, పందులను పెంచి బ్రతికిరి. ఈ ఆక్రమణదారులే 1950 తరువాత కమ్యూనిస్టుల తిరుగుబాటు కాలమున ముండ్లకంచెల నడుమ 'క్రొత్తగ్రామముల'లోనికి బలవంతముగా తరలింపబడిరి. అట్లు తరలింపబడినవారు ఇంచుమించు 5 లక్షలు. అది కఠినమైన దండనయే. అయినను ఆ గ్రామములలో పెక్కు కాలక్రమమున బడియు, బజారును గల చిన్న పట్టణములైనవి. కొన్ని మాత్రము నేటికిని బీదవి. చీనీయులందరు ధనికులనుట ఎంతమాత్రమును నిజము కాదు.

అంకెలను చూచునపుడు సంపాదనను, ఆస్తిని వేరుచేసి చూడవలెను. 1970లో ద్వీపకల్పమున కుటుంబముయొక్క సగటు మాసాదాయము చీనీయులకు 394, భారతీయులకు 304, మలయులకు 172 డాలర్లు. దీనినిబట్టి భారతీయుల స్థితి నడిమిదని తోచును. ఆ సగటులో వకీలు, వైద్యుడు, రైలుగుమాస్తా, తోటకూలి అందరును కలిసియున్నారు. అదే సంవత్సరమున కంపెనీల వాటాధనములో చీనీయులది నూటికి 27.2, భారతీయులది 1.1, మలయులది 2.4, విదేశీయులది 63.4. జనసంఖ్యలో చీనీయులు భారతీయులకు మూడు రెట్లకు కొంచెము మించియుండగా, వాటాధనమున ఇంచుమించు ఇరువదియైదు రెట్లు. కావున అసలు వ్యత్యాసము కూలిడబ్బులలో కంటె కూడబెట్టుటకు దొరికిన చోటులో నున్నది. ఆ పట్టికలో మలయుల స్థానమును చూచినవారికి 1971లో ప్రభుత్వము క్రొత్త ఆర్థికవిధానమును ఎందుకు తలపెట్టెనో తెలియును. అది వేరొక చర్చ.

జాతిస్వభావ సిద్ధాంతమును పరీక్షించుటకు రెండు దృష్టాంతములు చాలును. మొదటిది మలయాలోనిదే. నాట్టుకోట్టై చెట్టియార్లు కూలివారు వచ్చిన తమిళదేశమునుండియే వచ్చినవారు. ఊరూరను కొట్లు పెట్టి, ఒకరికొకరు హుండీలమీద ధనము సర్దుకొని, చీనీయుల చిన్న గనులకు సైతము అప్పిచ్చిరి. వారికిని కాంగ్సీవంటి కట్టు ఉండెను, గనుక కాంగ్సీవంటి ఫలమే కలిగెను. కాని వారు కూలివారితో కలియలేదు. లాభము మిగిలినవారు చెట్టినాడులో మేడలు కట్టుకొనిరి. ఒకే పేరున లెక్కింపబడు సంఘములో ధనమును శ్రమయు ఇట్లు ఎడమొగము పెడమొగముగా నుండుట భారతీయులకు కలిగిన పెద్ద నష్టము.

రెండవది మారిషసు ద్వీపము. అక్కడికి పోయినవారును ఇట్టి కూలివారే. కోరంగి రేవు పేర 'కొరంగీలు' అనబడిన తెలుగువారును వారిలో నుండిరి. పంతొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున చక్కెర ధర తగ్గగా, అచ్చటి దొరలు తమ తోటల అంచులను చిన్నచిన్న ముక్కలుగా కోసి అమ్మిరి. కొనినవారు ఆ కూలివారే. నేల దొరకిన తరువాత అణకువగల ఆ జాతియే చెఱకురైతులను, ఉపాధ్యాయులను, మంత్రులను కనెను. మలయాలో తోటలు ముక్కలైనది 1950 తరువాత. అప్పుడు కొనినవారు చేతిలో సొమ్ముగల వర్తకులు, వారిలో పెక్కురు చీనీయులు. కూలివారికి దక్కినది తొలగింపు ఉత్తరువు.

ఆ సమయముననే 1960లో మంత్రి వి. టి. సంబంధన్ తోటతోటకును తిరిగి, కూలివారివద్ద వాయిదాలుగా సొమ్ము వసూలుచేసి, జాతీయభూవిత్త సహకారసంఘమును స్థాపించెను. అమ్మకమునకు వచ్చిన తోటలను ఆ సంఘము కొనెను. మొదటిది కెడా సీమలోని బుకిత్ సిడిమ్. కంగాణి చేతిక్రింద నుండినవారు వాటాదారులైరి. పనివారు వాటాసొమ్ము కట్టి తోటలను కొనగలిగిన ఈ ఉదాహరణమును, స్వభావసిద్ధాంతమును నమ్మువారు తమ గ్రంథములలో చేర్చుకొనలేదు. ఈ యత్నము యాబదియేండ్లు ముందు జరిగినచో ఫలమెట్లుండెడిదో మారిషసునుబట్టి ఊహింపవచ్చును. అప్పటికే పెక్కు తోటలు చేజారెను. తరువాతి దశాబ్దములలో పట్టణముల చేరువనున్న తోటలు ఇండ్లస్థలములుగా మారగా, పనితోపాటు ఇల్లును పోగొట్టుకొనిన కుటుంబములు నగరపు అంచులలోని పేటలకు చేరెను. 2019లో కుటుంబముల మధ్యమ మాసాదాయము చీనీయులకు 7,391, భారతీయులకు 5,981, భూమిపుత్రులకు 5,420 రింగిట్లు. ఈ లెక్కలో న్యాయవాది మనుమడును, నగరపు అంచుకు చేరిన తోటకూలి మనుమడును భారతీయులను ఒక్క పద్దుననే యున్నారు.